తోట చూడ్డానికి వచ్చినాయన

జులై 3

పొట్టి మరదలికి,

పెళ్ళీడు కూతురున్నదాన్ని ఇంకా పొట్టి అంటావేమిటని మూతి ముడుచుకోకు. మీ అన్నయ్య పెట్టిన పేరు, నా నోటికి ఇంకోటి రాదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మొన్న చేశాంగా, ఏం మాట్లాడుకున్నాం? నువ్వు "వదినా" అన్నావు. నేను "ఊఁ" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకుంటూ కూర్చున్నాం. మీ అన్నయ్య పోయి నాలుగేళ్ళవుతున్నా మన ఫోన్ల సంగతి ఇంతే. కాగితమే నయం, తడిస్తే ఆరబెట్టుకోవచ్చు.

దుకాణం బాగానే నడుస్తోంది. నిన్న ఒకావిడ పళ్ళు కట్టించుకోకముందు ఫొటో తెచ్చి, నవ్వు కనపడకుండా ఫ్రేము కట్టమంది. "నవ్వు తీసేస్తే ఏం మిగుల్తుందమ్మా?" అన్నాను. "చీర మిగుల్తుంది, చీర చాలు" అంది. కట్టిచ్చాను.

అసలు కబురు ఇది. మా బిల్డింగు వాళ్ళంతా ఈ పద్దెనిమిదో తారీఖు ఆదివారం బస్సు మాట్లాడుకుని మీ తోటకి వస్తున్నారు. కింది వాటా టీచరమ్మ ఎక్కడో కాగితం చూసిందట, "ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే ద్రాక్షతోట, పొద్దున బయల్దేరితే పొద్దుగూకేసరికి ఇల్లు చేరొచ్చు" అని. అది మా ఆడపడుచు వాళ్ళదే అన్నాను. అంతే, మెట్ల మీద నా హోదా పెరిగిపోయింది.

నాతో ఒకాయన వస్తారు. మా బిల్డింగు మనిషి కాదు. ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో పని. మా వీధిలో అందరూ లీకులాయన అంటారు. నేల కింద పైపు ఎక్కడ కారుతోందో, ఇనప కర్ర ఒక కొస నేలకి ఆనించి రెండో కొసకి చెవి పెట్టి చెప్తారు. తోట చూడాలని ఉందన్నారు, రమ్మన్నాను.

నీతో ఒక సంగతి మాట్లాడాలి. కాగితం మీద పెట్టేది కాదు, ఎదురుగా కూర్చుని చెప్పేది. కంగారు పడకు. నాకైతే మంచిదే. నీకెలా ఉంటుందో నీ మొహం చూస్తే గానీ తెలీదు.

అత్తయ్యకి నా నమస్కారాలు. మోకాలు నాకూ పట్టేస్తోందని చెప్పు, సంతోషిస్తుంది.

వదిన


జులై 8

వదినా,

నీ ఉత్తరం తోటలో ఉండగా వచ్చింది. చేతులకి ఆకు పసరు, అందుకే నీ కాగితం అంచులు పచ్చగా అయ్యాయి. ఇప్పుడు గుత్తుల మీద ఎండ పడేలా ఆకులు తుంచే పని. వంగితే నడుం పట్టేస్తుంది, నిలబడితే మా ఆయన "అప్పుడే అయిపోయిందా?" అంటాడు. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఇంత పెత్తనం చేస్తాడని నాన్న బతికుండగా తెలిస్తే ఇంకో సంబంధం చూసేవాడు.

మీ బస్సు వచ్చేనాటికి కాయ రంగు తిరుగుతూ ఉంటుంది. ఒకే గుత్తిలో పచ్చవీ, గులాబీవీ, నల్లవీ. నాకు కోతకంటే ఈ రోజులే ఇష్టం. మీకు తోట చూపించేది మా అమ్మాయే. తాతగారు మొదటి తీగ నాటడం దగ్గర్నించి వైను పీపాల గది దాకా మొత్తం బట్టీ పట్టింది. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే మటుకు బండి ఆగిపోతుంది, మళ్ళీ తాతగారి దగ్గర్నించి మొదలు. మీ టీచరమ్మని నోరు కట్టేసుకోమను.

అమ్మ సీసాలకి లేబుళ్ళు అంటిస్తోంది. అన్నీ కొంచెం ఎడమకి వాలి ఉంటాయి. సరిచేద్దామని చెయ్యి పెడితే చురచురా చూస్తుంది. వచ్చినవాళ్ళు అది మా గుర్తు అనుకుంటున్నారు, మేం కాదనడం లేదు.

మనసుకి బాగోని సంగతి ఒకటి. పక్క తోట అమ్మేశారు. హోటల్ కడతారట. తీగలన్నీ వేళ్ళతో సహా పీకి కుప్పలేశారు. ఆ కుప్పల వైపు చూడలేక మా ఆయన అటువైపు కిటికీ తలుపులు మూసేశాడు. ఆ హోటల్ వాళ్ళే మొన్న మన గుమ్మంలోకి వచ్చి, "మీ తోటలో సగం మీ వదినగారిదట కదా, ఆవిడేమంటారు?" అని అడిగారు. అన్నయ్య సగం ఇప్పుడు నీదేగా. "మా వదిన సంగతి మీకెందుకు?" అని పంపేశాను. కానీ వదినా, నీ నోటితో ఒక్క మాట రాస్తే మా ఆయన స్థిమితపడతాడు.

నువ్వు చెప్తానన్న సంగతి ఏమిటో అని నేనూ అమ్మాయీ తెగ ఆలోచిస్తున్నాం. పిల్లేమో నువ్వు స్కూటర్ నేర్చుకుంటున్నావంటోంది.

రా. బస్సు వాళ్ళతో పాటు తిరిగేసి వెళ్ళిపోతే ఊరుకోను.

పొట్టి


జులై 19

పొట్టీ,

పొద్దున్నే దుకాణం తెరిచి, రంపం ముట్టుకోకుండా ఇది రాస్తున్నాను. చెప్పుల్లో ఇంకా మీ మట్టే ఉంది.

ఎంత బావుంది మీ తోట! వచ్చినప్పుడల్లా ఏదో చావుకో బతుక్కో వచ్చి, వంటింట్లోంచి పడగ్గదికి, పడగ్గదిలోంచి వంటింటికి తిరిగి వెళ్ళిపోయినదాన్ని. ఇన్నేళ్ళలో వరసల మధ్య నడిచి చూసింది నిన్ననే. మీ అన్నయ్య "మా తోట, మా తోట" అని దుకాణంలో ఎందుకు అంత బెంగపడేవాడో ఇప్పుడు తెలిసింది. ఆ వాసన నేను మేకులు కొట్టుకునే చోట ఎక్కణ్ణించి వస్తుంది?

మీ అమ్మాయి దంచేసింది. లీకులాయన మధ్యలో "ఈ పైపు ఎక్కణ్ణించి వస్తోందమ్మా?" అని అడిగినప్పుడల్లా తాతగారు మళ్ళీ మొదటి తీగ నాటాల్సొచ్చింది. బస్సు వాళ్ళు నవ్వలేక చచ్చారు. ఆయన అడగకుండా ఉండలేరు. బావి ఎంత లోతు, సరిహద్దు ఎక్కడిదాకా, నీళ్ళు ఏ వాలుకి పోతాయి... వేరే ఏ ఊరెళ్ళినా ఇంతే, గుడి ముందు ఉన్నా బడి ముందు ఉన్నా ఆయన చూపు నేల మీదే. ఆ కర్ర తీసుకురావద్దని మరీ మరీ చెప్పాను. గొడుగు అనుకున్నాను సంచిలో, తీరా చూస్తే కర్ర.

నీతో మాట్లాడదామని ఎన్నిసార్లు నీ వెనకాల వచ్చానో! నువ్వు పీపాల గదిలో ఉన్నావని వస్తే, మీ సీసాల కొట్టులోకి వెళ్ళిపోయావు. అక్కడికొస్తే మా టీచరమ్మకి సీసాలు కాగితంలో చుట్టిస్తున్నావు. చివరికి మెట్ల మీద దొరికావు. "పొట్టీ, ఆయన్ని చూశావుగా" అన్నాను. "చూశాను" అన్నావు. అంతలో డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు దగ్గరికి నువ్వు రాలేదు. అలిసిపోయావనుకున్నాను.

ఆయన అత్తయ్య పక్కన కూర్చుని లేబుళ్ళు అంటించారు, చూశావా? ఎడమకే వాల్చమందట అత్తయ్య.

ఇంక చెప్పేదేముంది, నువ్వు తెలివైనదానివి, ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కోపమొస్తే కోపమొచ్చిందని రాయి. ఏదో ఒకటి రాయి.

వదిన


జులై 24

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అందరం క్షేమం.

మీరన్నట్టు అర్థమైంది. ఆయన్ని చూసిన పది నిమిషాల్లోనే మా ఆయనకి అర్థమైంది, నాకు కాస్త ఆలస్యంగా.

ఇది మీ సొంత విషయం. మీకు కాదని చెప్పే హక్కు మాకు లేదు, అడ్డుపడం. కానీ బస్సెడు జనంలో కలిపి, తోట చూడ్డానికన్న వంకతో తీసుకురావడం బాగాలేదు. ముందుగా చెప్పి తీసుకొస్తే గుమ్మంలో నిలబడి మర్యాద చేసేవాళ్ళం. వచ్చిందెవరో తెలీక మా అమ్మాయి ఆయనకి ఇల్లంతా తిప్పి చూపించింది. అది ఇప్పుడు ఏడుస్తోంది.

అన్నయ్యది అనుకున్నది ఇంకొకరి చేతిలో పెట్టడానికి మీకు మనసెలా వచ్చిందో నాకు తెలీడం లేదు. నాకైతే రాదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆగితే బావుండేదని మా ఆయన అంటున్నాడు. నేనూ అదే అంటున్నాను.

కోత పనులు దగ్గరపడ్డాయి. పిట్టలు పడకుండా వలలు కప్పుతున్నాం. ఇంతకంటే రాయడానికి తీరిక లేదు.

మీ ఆడపడుచు


జులై 30

మరదలికి,

వదినగారా? మీరా? సరే.

ఉత్తరం చదివి దుకాణం మూసేసి ఇంటికొచ్చాను. "అన్నయ్యది అనుకున్నది" అన్నావు చూడు, ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. నేనేమన్నా వస్తువునా? మీ అన్నయ్య కొని అటక మీద పెట్టి వెళ్ళిపోయిన పెట్టెనా, ఎవరి చేతిలో పెట్టాలో మీరంతా కూర్చుని చెప్పడానికి?

నాలుగేళ్ళు ఆగాను. ఒక్కరోజు కూడా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఇంకా ఎన్నాళ్ళు ఆగితే మీ ఇంట్లో సరే అంటారు? అత్తయ్య ఉన్నన్నాళ్ళూ అన్నావు. అత్తయ్య నిండు నూరేళ్ళూ ఉండాలని కోరుకునేదాన్ని నేను. ఆవిడ పోతే గానీ నా బతుకు మొదలవదంటే, ఆ కోరిక నేను ఏ మొహం పెట్టుకుని కోరుకోను?

పొద్దున్నే లేచి ఒక్క గ్లాసుకి సరిపడా నీళ్ళు పొయ్యి మీద పెట్టడం ఎలా ఉంటుందో నీకు తెలీదు. పొయ్యి చుట్టూ నలుగురున్నదానివి. రెండో గ్లాసు పెట్టుకునే ఆశ నాకు కలిగింది, అంతే. ఏదో దొంగతనం చేసినట్టు మాట్లాడావు.

ఆయనకి చెప్పేశాను, ఇక మా ఇంటికి టీకి రావద్దని. "మీ ఆడపడుచుకి నేను నచ్చలేదా?" అని అడిగారు. ఏం చెప్పను? "పైపుల గురించి ఎక్కువ అడిగారు" అన్నాను. తలొంచుకుని వెళ్ళిపోయారు. ఆయన భార్య పోయి కూడా చాలాకాలమైంది, ఇలా తలొంచుకుని వెళ్ళడం ఆయనకి అలవాటే.

మీ గుమ్మం తొక్కించను. సుఖంగా కోత కోసుకోండి.

ఇట్లు
మీ అన్నయ్య భార్య


ఆగస్టు 6

వదినా, వదినా, వదినా,

ముందు నన్ను నాలుగు తిట్టు. తిట్టాక మిగతాది చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు వంటింట్లో ఉన్నాం, నేనూ మా ఆయనా. అమ్మ గుమ్మం దగ్గర తన బల్ల ముందు. నేను పైకి చదువుతున్నాను. "నాలుగేళ్ళు ఆగాను" దగ్గర మా ఆయన "చూశావా, నేను చెప్పలా?" అన్నాడు. టీ గ్లాసు దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ బుర్ర తిరిగింది. తోట అమ్మడానికీ టీ గ్లాసుకీ ఏమిటి సంబంధం? మా ఆయనైతే "టీ కొట్టు పెడతారేమో" అన్నాడు.

అప్పుడు అమ్మ చేతిలో లేబులు కింద పెట్టి, "ఏం అమ్మడం? ఎవరు అమ్మడం?" అంది. ఇక దాచి లాభం లేదని చెప్పాను: ఆ కర్రాయన హోటల్ వాళ్ళ మనిషి, వదిన తన సగం అమ్మేస్తోంది, సరిహద్దులూ బావీ చూసుకోడానికి తీసుకొచ్చింది అని.

అమ్మ మా ఇద్దరి వంకా చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే చూసేది చూడు, అలా. "కొనడానికి వచ్చినవాడు తీగల్ని చూస్తాడే. ఆయన నా పక్కన కూర్చుని లేబులు అంటిస్తూ, నా కోడలు మోకాలు పట్టుకుని మెట్లు దిగుతుంటే, అంటించేది వదిలేసి లేచి నిలబడ్డాడు. అది కింద కాలు పెట్టాకే కూర్చున్నాడు. లేబులు తలకిందులుగా అంటించాడు పాపం" అంది. అని, మళ్ళీ తన పనిలో పడింది.

నేను నీ ఉత్తరం మొదటినించి మళ్ళీ చదివాను. నా ఉత్తరంలో ఏం రాశానో గుర్తు తెచ్చుకున్నాను. అన్నయ్యది అన్నది తోట గురించి వదినా! తోట! నీ గురించి కాదు. నిన్ను ఎవరి చేతిలోనో పెట్టడమేమిటి, అంత మాట నేనంటానా? అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆగమన్నది కూడా అందుకే. హోటల్ కుప్పలు అమ్మ చూడకూడదని.

మా ఆయన నాలిక కరుచుకుని తోటలోకి పోయాడు. ఇంకో సంగతి, నవ్వకు. మీ ఆయన... సరే, లీకులాయన... బావి దగ్గర కర్ర ఆనించి "ఇక్కడ కారుతున్నట్టుంది" అన్నాడట. పగవాడైనా మాట అన్నాడు కదా అని మా ఆయన తవ్వాడు. నడుంలోతు గొయ్యి అయింది. చుక్క నీళ్ళు లేవు. ఆ గోతిలో నిలబడి "మనల్ని గొయ్యి తవ్వుకునేలా చేశాడు" అని పళ్ళు నూరాడు. ఇప్పుడు ఆ గొయ్యి పూడుస్తున్నాడు.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను వదినా. ఇక్కణ్ణించి నవ్వు రావడం లేదు.

నువ్వు అమ్మడం లేదని తెలియగానే గుండె మీద బరువు దిగింది. అది దిగీ దిగగానే ఇంకోటి వచ్చి కూర్చుంది. అన్నయ్య పక్కన నువ్వు ఉండే చోట, నీ పక్కన ఇంకొకరు. నీది తప్పని నేననను, అనలేను. నువ్వు ఆసుపత్రి బెంచీ మీద ఎన్నాళ్ళు కూర్చున్నావో నాకు తెలుసు. అయినా పందిళ్ళ కిందికి పోయి ఏడ్చాను. ఎందుకంటే నీ ఇంట్లో అన్నయ్య ఇంకా ఉన్నట్టే ఉండేది నాకు. నువ్వు తలుపు తీస్తే వెనకాల గదిలో రంపం చప్పుడు వినిపిస్తుందేమో అన్నట్టు.

కాస్త వ్యవధి ఇవ్వు. నిన్ను కాదు, నన్ను నేను సర్దుకోడానికి. ఈలోపల ఆయన్ని టీకి రావద్దనకు. నా మూలంగా ఒక మనిషి టీ లేకుండా తిరుగుతున్నాడంటే నాకు అన్నం సయించదు.

నీ పొట్టి


ఆగస్టు 14

పొట్టీ,

తిట్టాను. ఆ తర్వాత నవ్వాను, తర్వాత నీలాగే ఏడ్చాను. టీ కొట్టు! మీ ఆయనకి చెప్పు, పెడితే మొదటి గ్లాసు ఆయనకే.

తప్పు నాది కూడా ఉంది. హోటల్ సంగతి నువ్వు రాసింది చదివి, అది జవాబు రాయాల్సిన విషయమే అనుకోలేదు. నేను అమ్ముతానని ఎవరైనా ఎలా అనుకుంటారు అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, మీ ఆయనకి చదివి వినిపించు: నా సగం అమ్మను. ఎవరికీ అమ్మను. నీ పేరున రాసిమ్మన్నా రాయను. అది ఉన్నంతకాలం ఆ బస్సెక్కడానికి నాకో వంక.

గొయ్యి సంగతి ఆయనకి చెప్పాను. చెవుల దాకా ఎర్రబడ్డారు. "గాలికి పందిరి ఇనప తీగ మోగి ఉంటుంది, నీళ్ళనుకున్నాను" అన్నారు. మా వీధిలో కూడా ఒకసారి ఇలాగే తవ్వించారు, అప్పుడే నాకు పరిచయం. ఒకరోజు పొద్దున కిందికి దిగితే మా బిల్డింగు గేటు ముందు ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, కర్రకి చెవి పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒంట్లో బాలేదేమోనని మంచినీళ్ళు తీసుకెళ్ళాను. నోటి మీద వేలు పెట్టి "ష్" అన్నారు. నా ఇంటి ముందు నన్నే ష్ అంటాడా అని ఒళ్ళు మండింది. తవ్వితే ఏమీ లేదు. రోడ్డంతా పాడు చేసినందుకు సాయంత్రం వచ్చి క్షమాపణ చెప్పారు. గోడ మీద మీ అన్నయ్య ఫొటో చూసి, "ఆయనకి కూడా చెప్పండి" అన్నారు. చనిపోయారన్నాను. "అందుకే అంటున్నాను, మా ఇంట్లో కూడా నేను ఏదైనా చెప్పాలంటే ఫొటోకే చెప్తాను" అన్నారు. అప్పుడు కూర్చోమన్నాను.

నువ్వు రంపం చప్పుడని రాశావు. నాకూ వినపడుతుంది పొట్టీ. మూల సరిగ్గా కుదరకపోతే "ఇంకో నూలు మందం చెక్క తియ్యి" అని ఇప్పటికీ అంటాడు మీ అన్నయ్య. లీకులాయన వచ్చినా ఆ గొంతు పోలేదు. పోతే నేనే వద్దనేదాన్ని.

నా భయం వేరే ఉంది. ఇది చెప్పడానికే మెట్ల మీద నీ వెంటపడ్డాను. ఇరవై ఏళ్ళుగా నీకు వదినని. అది నీ అన్నయ్య ద్వారా వచ్చింది. రేపు నేను ఇంకొకరి భార్యనైతే, నువ్వు నాకేమవుతావు? అత్తయ్య అత్తయ్యేనా? పిల్ల నన్ను అత్తా అనొచ్చా? ఆయన్ని నువ్వేమని పిలుస్తావు? వదిన మొగుడు అన్నయ్య అవ్వాలి. ఆ మాట నీ నోటికి రాదు, రమ్మని నేను అడగను కూడా. నీకున్నది ఒక్కడే అన్నయ్య. ఇవన్నీ ఆలోచిస్తే, ఒక్క గ్లాసు టీయే నయమనిపిస్తుంది. ఒక మనిషి కోసం ఇల్లంతా పోగొట్టుకోలేను.

ఆయన అంతా విని, "మీ వాళ్ళు సరే అనేదాకా ఇలాగే టీ తాగి వెళ్తాను, నాకేం తొందర లేదు" అన్నారు. ఇలాగే తాగి వెళ్తున్నారు. నువ్వూ తొందరపడకు.

అత్తయ్య ఎలా ఉంది? తెలిశాక ఏమైనా అందా? అడగడానికి భయంగా ఉంది, అందుకే చివర రాస్తున్నాను.

వదిన


ఆగస్టు 27

అక్కా,

కంగారు పడకు. ఉత్తరం సరైన ఇంటికే వచ్చింది. ఎందుకిలా పిలిచానో చెప్తాను.

ఆ రోజు లేబుళ్ళ దగ్గర అంత తేలిగ్గా అనేసిందా అమ్మ, తర్వాత చాలారోజులు పలకలేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయేది. అన్నయ్య చిన్నప్పటి చొక్కా ఒకటి ఉంది, బొత్తాలు లేనిది. దాన్ని తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పేది. నేను పలకరిస్తే "కోత పని చూసుకో" అనేది. నీ ఉత్తరం చూపించలేదు, ఇంకా బాధపడుతుందని. కానీ అమ్మెక్కడ ఊరుకుంటుంది? "మా కోడలు ఏం రాసింది?" అని తనే అడిగింది. చదివాను. నువ్వు భయమని చివర రాసింది కూడా చదివాను.

"నేను అత్తనా కాదా అని అడుగుతోందా?" అంది.

"అవును."

"కోడలికి అత్త పెళ్ళి చేస్తుందా ఎక్కడన్నా?"

నా ప్రాణం ఉసూరుమంది. అయిపోయింది, ఒప్పుకోదు అనుకున్నాను. చొక్కా మళ్ళీ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది కదా: "చెయ్యదు. కూతురికైతే చేస్తుంది. నా కొడుకు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడికి నోట్లో ముద్ద పెట్టింది అది. నేను కన్నతల్లినై ఉండీ ఆ గదిలో నిలబడలేకపోయాను. అది నాకు కూతురు కాకపోతే ఎవరు కూతురు? దాని మొగుడు నాకు అల్లుడు. నీకు బావ. ఇందులో అంత ఆలోచించాల్సిందేముంది?"

అని, నా వంక చూసి, "నువ్వు వాణ్ణి అన్నయ్యా అనక్కర్లేదు. నేనూ అననివ్వను" అంది. అప్పుడు ఏడ్చింది అక్కా. నాలుగేళ్ళ కిందట ఏడవకుండా దాచుకున్నదంతా ఏడ్చింది. నేనూ మా అమ్మాయీ రెండు వైపులా కూర్చున్నాం. మా ఆయన గుమ్మంలో నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, మంచినీళ్ళు తెచ్చి తనే తాగేశాడు.

అన్నయ్య నా అన్నయ్యగానే ఉన్నాడు. ఎవరూ ఆ కుర్చీలో కూర్చోరు. ఈయనకి వేరే కుర్చీ వేశాం. అలా అనుకున్న రోజు మొదటిసారి నాకు ఛాతీ నిండా గాలి ఆడింది. నువ్వు నాకు అక్కవి. పిల్లకి పెద్దమ్మవి. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, నోరు జారి వదినా అన్నానంటే సర్దుకో. రెండూ నువ్వే.

బావగారికి చెప్పు, బావంటే మర్యాదలు ఒక్కపూటే ఉంటాయి, ఆ తర్వాత వేళాకోళాలే. మొదటిది గొయ్యి మీదే ఉంటుంది. మా ఆయన తోడల్లుడు దొరికాడని సంబరపడుతున్నాడు. ఇల్లరికంలో ఇన్నాళ్ళూ ఒక్కడే ఉన్నాడుగా, కష్టం చెప్పుకోడానికి ఒక మనిషి కావాలట.

కోత ఐదో తారీఖు ఆదివారం మొదలు. టూరు బస్సులో రాకండి, మామూలు బస్సులో రండి. పాత బట్టలు తెచ్చుకోండి, మరకలు పోవు. నీ మోకాలికి వంగే పని వద్దంది అమ్మ. బల్ల దగ్గర తన పక్కన కూర్చుని చెడ్డ కాయలు ఏరాలట. ఆయన మాత్రం బుట్టలు మొయ్యాలి, అల్లుడైనా సరే.

చెల్లెలు


సెప్టెంబర్ 1

చెల్లీ,

ఈ పిలుపు రాయడం ఇదే మొదటిసారి, అక్షరాలు వంకరపోయాయి.

నీ ఉత్తరం వచ్చేసరికి దుకాణంలో మనిషి ఉన్నాడు, పిల్లాడి బడి ఫొటోకి గాజు కోయించుకోడానికి. మొదటి ముక్క చదివి, "రేపు రండి" అన్నాను. "ఇప్పుడే ఇస్తానన్నారుగా?" అన్నాడు. "కళ్ళు కనపడటం లేదండీ" అన్నాను. నిజంగానే కనపడలేదు. గాజు మీద చెయ్యి పెడితే తెగేది.

తలుపు సగం వేసి, అత్తయ్య అన్న మాటలు చదివాను. ఆసుపత్రి గదిలో ఆవిడ ఎందుకు నిలబడలేకపోయిందో నాకు అప్పుడే తెలుసు. ఒక్కనాడూ నేను తప్పనుకోలేదు. ఆవిడ మాత్రం దాన్ని ఇన్నాళ్ళూ మోస్తూ ఉందన్నమాట. వచ్చాక ఆ సంగతి నేనే మాట్లాడతాను. మా ఇద్దర్నీ కాసేపు వదిలెయ్యి.

సాయంత్రం ఆయన వచ్చారు. టీ పెట్టి, మీ అందరి మాటలూ చదివి వినిపించాను. గొయ్యి దగ్గర నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "బావగారికి చెప్పు" అన్న చోట చెయ్యి అడ్డుపెట్టి, "అది మళ్ళీ చదవండి" అన్నారు. చదివాను. ఒక్కడే కొడుకు ఆయన, వెనకా ముందూ ఎవరూ లేరు. "నన్ను ఇంతవరకూ ఎవరూ బావా అనలేదు" అన్నారు. గ్లాసు పట్టుకుని వీధిలోకి వెళ్ళి, గేటు దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. నేను వెనకాల వెళ్ళలేదు. మనిషికి అప్పుడప్పుడు ఒక గేటు కావాలి.

లోపలికొచ్చాక అడిగిన మొదటి మాట, "బుట్టలు ఎంత బరువుంటాయి?" అని.

పాత చొక్కాలు రెండు ఉతికి ఆరేసుకున్నారు. పాతవి ఉతకడమెందుకంటే వినరు. కర్ర ఇంట్లోనే పెట్టిస్తాను, ఈసారి సంచి నేనే సర్దుతాను.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాం. నువ్వు బస్సు దగ్గరికి రాకు, పని పాడవుతుంది. తోటలోకి దారి నాకు తెలుసు.

అమ్మకి చెప్పు.

అక్క